భూకంపాలకు అసలు కారణం గుమాస్తాలే

భూకంపాలు ఎందుకొస్తాయని అడిగితే శాస్త్రవేత్తలు భూమి లోపలి పలకలు, వాటి రాపిడి అంటూ ఏదో చెబుతారు. పాత భూకంపాల జాబితాలు ముందేసుకుని కూర్చున్నవాడికి అసలు దోషి నిమిషంలో దొరికిపోతాడు. రాయడం వచ్చినవాళ్లు ఎక్కడుంటే భూకంపాలు అక్కడే వచ్చాయి. గుమాస్తా లేని తీరంలో శతాబ్దాల తరబడి నేల కదిలిన దాఖలా లేదు. పూర్వం ఎప్పుడో ఒకటి వచ్చేది, అచ్చుయంత్రాలు, పత్రికలు వచ్చాక వరస కట్టాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

ఉత్తర అమెరికా పశ్చిమాన కాస్కేడియా తీరాన్నే చూడండి. 18వ శతాబ్దం చివరిదాకా అక్కడ రాతకోతల్లేవు కాబట్టి మహాభూకంపాలూ లేవు. 1980ల దాకా చాలామంది నిపుణులు కూడా దాదాపు అలాగే అనుకుంటూ వచ్చారు. ఒక చలికాలపు రాత్రి నేల ఊగిందనీ, సముద్రం ఊళ్లకు ఊళ్లను మింగేసిందనీ అక్కడి ఆదివాసులు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. కానీ నోటిమాటకు సీలూ ఉండదు, సంతకమూ ఉండదు. పట్టించుకునేదెవరు?

ఆ ప్రశాంతతను చెడగొట్టింది జపాన్ గుమాస్తాలు. 1700 జనవరి చివర్లో వాళ్ల తీరంలోని ఊళ్ల మీదికి అలలు వచ్చిపడ్డాయి. ఇళ్లు కొట్టుకుపోయాయి, నేల మాత్రం అదరలేదు. మర్యాదస్తులైతే అక్కడితో మర్చిపోయేవారు. వీళ్లు మాత్రం ఊరిపెద్దలు, వర్తకులు, అధికారులు ఎవరి దస్తరంలో వాళ్లు రాసిపెట్టుకున్నారు. తల్లెవరో తెలియని ఆ అల దాదాపు మూడువందల ఏళ్లు కాగితాల్లో అనాథగా పడి ఉంది. 1996లో జపాన్ పరిశోధకులు అల సముద్రం దాటడానికి పట్టే గంటల్ని వెనక్కి లెక్కేసి, అది జనవరి 26 రాత్రి 9 ప్రాంతంలో కాస్కేడియాలో పుట్టిందనీ, ఆ భూకంపం తీవ్రత దాదాపు 9 అనీ తేల్చారు. నేల కుంగి ఉప్పునీళ్లలో చచ్చిపోయిన దేవదారు చెట్లు వాషింగ్టన్ తీరంలో ఇంకా నిలబడి ఉన్నాయి. 1699 ఆగస్టుకీ 1700 మే నెలకీ మధ్య ప్రాణం పోయిందని వాటి వేళ్లలోని వలయాలు వాంగ్మూలం ఇచ్చాయి. చెట్లు కూడా గుమాస్తాల్లో చేరితే ఇక చేసేదేముంది!

పోర్చుగల్‌లో ఇంకో ఘోరం. 1755 నవంబర్ 1న లిస్బన్ కూలిపోయాక, మంత్రి పొంబాల్ ప్రతి చర్చి పాదిరీకీ ప్రశ్నలు పంపాడు: ఎంతసేపు ఊగింది, సముద్రం ముందు లేచిందా, వెనక్కి తగ్గిందా అని. ఆ జవాబుల మీద ఇప్పటికీ కొందరు జీతాలు తీసుకుంటున్నారు. గడియారాల్లేని తీరాల్లో జపమే కొలత. మంగళవార్త జపమంటే మరియమ్మకు చెప్పుకునే చిన్న ప్రార్థన. ‘రెండు మంగళవార్త జపాలంత సేపు’ అన్న ధోరణిలో రాస్తే దాన్ని సెకన్లలోకి మార్చుకోవాలి. ఇల్లు మీద పడుతున్నప్పుడు జపం మామూలు వేగంతోనే సాగుతుందా అన్నది నా సందేహం. పన్ను మాఫీ కోసం రాసిన అర్జీల్లో కూలిన గోడలన్నీ నిజంగా కూలినవేనా అన్నది ఇంకో సందేహం.

నిజానికి ఈ తిరగతోడుడు వల్ల ఒక్క మేలు జరిగింది. 1737 కలకత్తా భూకంపం మూడు లక్షల మందిని చంపిందని ప్రపంచ జాబితాల్లో దర్జాగా కూర్చుని ఉండేది. 1994లో భూకంప శాస్త్రవేత్త రోజర్ బిల్హామ్ ఈస్ట్ ఇండియా కంపెనీ కాగితాలు తిరగేస్తే, వచ్చింది తుఫాను, నగరంలో పోయింది సుమారు 3,000 మంది అని తేలింది. అసలు అప్పటి నగర జనాభాయే 20,000 ప్రాంతం. ఊళ్లో ఉన్నవాళ్లకంటే పదిహేను రెట్లు చచ్చిపోయారని ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదంటే, అచ్చులో ఉన్న అంకెకు మనమిచ్చే గౌరవం అలాంటిది.

ఆ గౌరవం దక్కాలంటే అంకె మనకు నచ్చాలి. 869లో సెందాయ్ వైపు సముద్రం పొంగి వెయ్యిమంది మునిగిపోయారని జపాన్ రాజచరిత్రలో స్పష్టంగా ఉంది. తీరం నుంచి కిలోమీటర్ల దూరంలో, పొలాల అడుగున, ఆ అల మోసుకొచ్చిన ఇసుకపొర కూడా దొరికింది. 2009లో ఫుకుషిమా అణు కేంద్రం భద్రతను సమీక్షించే సమావేశంలో ఒక భూవిజ్ఞాని ఈ సంగతి ఎత్తారు. చరిత్రలో అంత నష్టం కనబడట్లేదే అని కేంద్రం నడిపే కంపెనీ నుంచి జవాబొచ్చింది. వెయ్యేళ్ల కిందట అక్కడ అణు కేంద్రం లేకపోవడంతో దాని నష్టం ఎవరూ రాయలేకపోయారు మరి. 2002లో ఆ కంపెనీ వేసుకున్న లెక్కల్లో అల ఎత్తు 5.7 మీటర్లు. 2011 మార్చి 11న వచ్చిన అల 13 మీటర్లు దాటింది.

కాబట్టి నా సూచన ఒక్కటే, తీరంలో కట్టే ప్రతివాళ్లూ పాటించాలి. గుమాస్తాల్ని కొండల మీదికి బదిలీ చేయడం తేలికే, ఇసుకని బదిలీ చేయలేం. పునాది తవ్వేటప్పుడు నల్లమట్టి పొరల మధ్య తెల్లగా ఇసుక కనబడితే ఫోటోలు తీయకండి, ఎవరికీ ఫోన్ చేయకండి. మధ్యాహ్నం భోజనాల లోపే కాంక్రీట్ పోయించేయండి.