పానో గారూ, మీరు గుడ్డ కాదటగా!

బ్రెజిల్ జెండా చట్టంలో కాపురముంటున్న పోర్చుగీసు మాట పానో గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, మీ వల్ల వారం నుంచి నాకు కుశలం లేదు.

మా బాబాయి సికింద్రాబాద్‌లో జెండాలు కుట్టిస్తాడు. ఆగస్టు దాటితే మెషిన్లన్నీ ఖాళీ. ఈసారి ఎవరో ఏజెంటు బ్రెజిల్ జెండాల ఆర్డరు తెచ్చి, కొలతలకని అక్కడి 1971 నాటి 5700 నంబరు చట్టంలోంచి రెండు కాగితాలు చేతిలో పెట్టి వెళ్ళాడు. "నీకు పోర్చుగీసు వచ్చుగదరా, చూసి చెప్పు" అన్నాడు బాబాయి. చూశాను. 'నాలుగో రకం, నాలుగు పానోలు' అని ఉంది. నిఘంటువు తీస్తే మీరు గుడ్డ. నాలుగు గుడ్డల జెండా అని రాసిచ్చాను. బాబాయి కళ్ళజోడు పైకి నెట్టి, "అంటే ఏంట్రా, ఒకదాని మీద ఒకటి వేసి బొంత కుట్టమంటారా?" అన్నాడు.

మిమ్మల్నే అడుగుతున్నాను. వంటింట్లో గిన్నెలు తుడిచేదీ మీరే, నేల తుడిచేదీ మీరే, పడవెక్కితే తెరచాపా మీరే. అన్ని ఉద్యోగాలు చాలక చట్టంలోకి దూరి కొలబద్ద అవతారం కూడా ఎత్తాలా? మళ్ళీ పై నుంచి చదివితే తెలిసింది, అక్కడ మీరు గుడ్డ కాదు, 45 సెంటీమీటర్లు. ఒకటో రకం జెండాకి ఒక పానో, అలా పెరుగుతూ ఏడో రకానికి ఏడు. నాలుగో రకమంటే ఎత్తు 180 సెంటీమీటర్లు. దాన్ని 14 భాగాలు చేసి, అలాంటివి 20 పొడవు పెట్టుకోవాలి, అంటే 257 చిల్లర.

ఈ ఒకటో రకం దగ్గరే ఇంకో గండం. మన జెండా కోడ్‌లో ఒకటో నంబరంటే అన్నిటికంటే పెద్దది, 6300 మిల్లీమీటర్లకు 4200. తొమ్మిదో నంబరు టేబుల్ మీద పెట్టుకునేది. ముప్పై ఏళ్ళుగా ఆ లెక్కకు అలవాటుపడిన మనిషి, బ్రెజిల్ ఒకటో రకం పది కావాలనగానే పచ్చ బట్ట తానులు తానులు చెప్పేశాడు. తీరా చూస్తే అది ఎత్తు మూరెడు! ఆ మిగిలిన బట్టతో ఇప్పుడు మా పిన్ని కిటికీలకు కర్టెన్లు కుట్టిస్తోంది, మీరొస్తే చూపిస్తాను.

మీ తోటివాళ్ళూ తక్కువేం కాదు. లర్గూరా అంటే వెడల్పు అనుకుని అడ్డంగా కొలిస్తే, కాదు, నిలువు. త్రాల్యా అంటే జెండాలో తాడు ఎక్కించే అంచు, కానీ మీ ఊళ్ళో ఇంట్లో పడున్న పాత సామానునీ అలాగే అంటారు. ఇక 'ఒక ముఖం ఇంకోదానికి తిరగ వైపు కాకూడదు' అన్న వాక్యం. నేనేదో వేదాంతం అనుకున్నాను. బాబాయికి మాత్రం వెంటనే వెలిగింది, "రెండు వైపులా జెండా మీది అక్షరాలు సూటిగా చదవడానికి రావాలన్నమాట, డబుల్ ఖర్చు" అని. పైగా జెండా మీద 27 నక్షత్రాలు, అవీ ఐదు సైజులు, నాలుగో రకం జెండాలో అన్నిటికంటే చిన్నది సెంటీమీటరుంబావు. రెండు వైపులా. కుట్టే అమ్మాయి నా వంక చూసిన చూపు మీకు అనువదించి పంపలేను.

అసలు అవమానం చివర్న జరిగింది. మీకు తెలుగు మాట కోసం నేను 'పట్టీ', 'వస్త్రఖండం', 'వెడల్పు ప్రమాణం' అని కాగితం నిండా కొట్టివేతలు చేసుకుంటుంటే, వెనక నుంచి కటింగ్ మాస్టారు కత్తెర ఆపకుండానే, "పన్నా అని రాయండి సార్, బట్ట అడ్డం కొలతని మేం అదే అంటాం" అన్నాడు. పానో, పన్నా. మీ ఇద్దరికీ చుట్టరికం కలపడం నా పని కాదు, కానీ తువాలు, ఇస్త్రీ, మేస్త్రీ లాంటి మీ వాళ్ళు ఎవరి అనువాదం లేకుండానే మా ఇళ్ళలో స్థిరపడ్డారు, మీకొక్కరికే ఇంత బిగువెందుకండీ?

ఇప్పుడు కటింగ్ టేబుల్ పక్క గోడ మీద సుద్దతో 'బ్రెజిల్ నాలుగో నంబరు, 4 పన్నాలు' అని రాసి ఉంది. కింద బ్రాకెట్లో 'చిన్న పన్నా, 45' అని కూడా, అది మాస్టారి చేతిరాత.

ఇట్లు,
అనువాదానికి పైసా కూడా ముట్టని,
అన్నకొడుకు

తా.క.: పోర్చుగల్ జెండా ఆర్డరు కూడా రావచ్చట. అక్కడి 1911 డిక్రీలో పొడవుని త్రాల్యాకి ఒకటిన్నర రెట్లు అని రాశారు. పాత సామానుకి ఒకటిన్నర రెట్లని బాబాయికి నేనైతే చెప్పను.