మా అమ్మ పట్టిన పెళ్లి రొట్టె

మొహర్రం నెలలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతి రొట్టె కళ్లకద్దుకుని తింటాం. నెల్లూరు వాళ్లం కదా, కులం, మతం అడగం. తమ్ముడికి సంబంధాలు కుదరడం లేదని అమ్మ కూడా పెళ్లి రొట్టె పట్టింది. కోరిక తీరింది. కోడలిది ఒడిశాలోని కటక్ అని తెలిసిన రోజు నుంచి ఏడుపు మొదలుపెట్టింది.

ఒక వేసవి రాత్రి ఆ పిల్ల అన్నంలో నీళ్లు పోసి మూత పెట్టుకుంది. వాళ్ల పఖాళ. పొద్దున పెరుగు కలుపుకుని, వేయించిన వంకాయ ముక్కలతో తినాలని ఆశ. తెల్లారేసరికి అమ్మ గిన్నె ఖాళీ చేసి తోమి బోర్లించింది. ‘‘పాచి అన్నం తినే ఖర్మ మనకేమిటి?’’ అంటూ, మధ్యాహ్నం మాత్రం నిన్నటి చేపల పులుసే బాగుంటుందని వడ్డించింది! మా అమ్మమ్మ చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకునే పెరిగిందని నేనైనా అనలేదు. ఆడపడుచు పెద్దరికం వెలగబెడుతూ ఊరుకున్నాను.

మా మేనమామ కూతురు తమ్ముణ్ని ‘బావా’ అని పిలిస్తే కోడలు తెల్లబోయింది. ఒడియాలో ‘బాపా’ అంటే నాన్న. అసలు అర్థం తెలిశాక ఇంకా బెదిరిపోయింది. మేనరికం మనకు ముచ్చట, వాళ్లకు తోబుట్టువుల మధ్య పెళ్లి. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఒక నవ్వుతో పోయేది. మాటా మాటా పెరిగి ఆమె పుట్టింటికి వెళ్లింది. పంచాయతీకి కూర్చున్న పెద్దమనుషుల్లో ఒడియా ముక్క తెలిసినవాడు ఒక్కడూ లేడు. ‘‘సర్దుకుపోవాలమ్మా’’ అని ఆమెకే చెప్పారు. అత్తకూ మొగుడికీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

కౌన్సెలింగ్ అంటే మనకు గొడవ పోలీస్ స్టేషన్‌కు ఎక్కాక జరిగే తంతు. 1984 నాటి చట్టంతో ఏర్పడిన కుటుంబ న్యాయస్థానాల్లో సలహాదారులకు చోటుంది. కానీ అక్కడిదాకా వెళ్లేసరికి ఇంకేం మిగులుతుంది? వీళ్లది రిజిస్టర్ పెళ్లి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగారు. ఆ గడువు అభ్యంతరాలు చెప్పేవాళ్ల కోసం. అందులో ఒక్క పూట రెండు భాషలూ వచ్చిన మనిషి రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే ఏర్పాటు ఎందుకుండకూడదు? దక్షిణ కొరియా 2008లోనే విదేశీయులను పెళ్లాడిన కుటుంబాల కోసం చట్టం చేసింది. అక్కడా నేర్చుకోవలసిందంతా కోడలే అన్నట్టుందని విమర్శలున్నాయి. మనం అత్తగారితో మొదలుపెడదాం.

టీచర్లకూ నేర్పాలి. మా మేనల్లుడి టీచరు ‘‘ఇంట్లో తెలుగే మాట్లాడండి, బాబు తికమకపడుతున్నాడు’’ అంది. తమిళనాడు సరిహద్దున తడ వైపు పిల్లలు తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుతూ పెరగడం లేదా? ఇప్పుడు వాడు బడి గేటు దగ్గర తల్లి చెయ్యి లాగి ‘‘అమ్మా, ఇక్కడ మాట్లాడకు’’ అంటున్నాడు. నాలుగేళ్లు వాడికి.

కోరిక తీరినవాళ్లు మళ్లీ చెరువుకు వెళ్లి మరొకరికి రొట్టె ఇవ్వాలి. పెళ్లయి ఆరేళ్లయింది. అమ్మ ఇంకా ఇవ్వలేదు.