తుమ్మితే ఊడిన ఏథెన్స్

నిన్ననే జరిగింది. జలుబు తగ్గుతోంది, మంట తగ్గడం లేదు.

లండన్‌లో ఒక పాత నాణేల దుకాణం. ఎందుకు వెళ్ళానన్నది వదిలేయండి. ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ వెండి చిల్లర చూపించమన్నాను. అక్కడ డ్రాక్మా అనే నాణేనికి ఆరు ఓబోల్‌లనే చిల్లర నాణేలు. ఓబోల్ అంటే మొదట్లో ఇనప ఊచట, ఆరు ఊచలు కలిపితే పిడికెడు, ఆ పిడికెడే డ్రాక్మా. ఇంతవరకు బాగానే ఉంది. ఓబోల్‌లో నాలుగో వంతుకు కూడా విడిగా నాణెం కొట్టి, ఒకవైపు ఎథీనా తల, రెండోవైపు నెలవంక వేశారు మహానుభావులు. టెటార్టెమోరియన్ అట! పేరు రైలంత, బరువు 0.18 గ్రాములు. కంసాలి లెక్కలో గురివింద గింజన్నర.

షాపాయన నల్లగుడ్డ మీద పెట్టాడు. వంగాను. తుమ్మాను.

నా ముక్కు ఊడలేదు, ఏథెన్స్ ఊడింది. పక్కనే టేబుల్ ఫ్యాన్ తిరుగుతోందని మనవి. అయినా తప్పంతా నా ముక్కుదే అన్నట్టు చూశాడు. తుమ్మితే కాసేపు కూర్చోమనేది మా నాయనమ్మ. ఎక్కడ కూర్చుంటే దాని మీదే కూర్చుంటానోనని మోకాళ్ళ మీద వెతికాను.

కార్పెట్ మీద ఏదో మెరిసింది. ఆయన పట్టకారుతో తీసి, భూతద్దం కంటికి బిగించి, దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. "నెలవంక బాగా అరిగింది" అని గొణిగాడు. త్రాసులో వేశాడు. సున్నా. త్రాసు దులిపి మళ్ళీ వేశాడు. అప్పుడు గుర్తుపట్టాను. మా ఆవిడ చీర చమ్కీ, నా స్వెటర్‌కి అంటుకుని వచ్చింది. ఆయన అంత ఆప్యాయంగా తూస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు. గ్రీకు నాటకకర్త అరిస్టోఫేనీస్ రాసిన క్రీ.పూ. 422 నాటి 'కందిరీగలు' నాటకంలో ఒక ముసలాయనకు జ్యూరీ కూలి మూడు ఓబోల్‌లకు బదులు మూడు చేప పొలుసులు చేతిలో పెడతారు. అప్పట్లో చిల్లర బుగ్గన దాచుకునేవారు కదా, నోట్లో వేసుకుంటాడు. పాపం, ఆయన వెంటనే ఉమ్మేశాడు. మా షాపాయన మూడోసారి తూచాడు.

అసలుది ఆయన కాలరు మడతలోనే దొరికింది. సారీ లేదు, ఫ్యాన్ ఆపిందీ లేదు. "కొంటారా?" అన్నాడంతే. భయపడి కొనేశాను. రెండింటినీ చెరో కవర్లో పెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చూపించాను. "ఇదే బాగుంది" అంది మా ఆవిడ, చమ్కీని తీసి.