పాత ఫొటోకి దండ వేయడం ఆపుదాం

విజయనగరం పాత ఫొటో ఒకటి ఫోన్లోకి వచ్చిందంటే కింద ఒకటే మాట: ఆ రోజులే వేరు. కోటలోని మోతీమహల్‌కీ అదే, మూడు లాంతర్ల స్తంభానికీ అదే. పోయినవాళ్ల పటానికి దండ వేసి దణ్ణం పెట్టినట్టుంటుంది. 1869 నాటి మోతీమహల్ 2020లో నేలమట్టమైంది. ఆ ఏడాది మే నెలలోనే మూడు లాంతర్లూ పోయాయి. ఆ కూల్చివేతల గొడవ అందరికీ తెలిసిందే, మళ్లీ తవ్వను.

నా బాధ వేరు. ఫొటోని మనం జ్ఞాపకంగా దాచుకుంటాం, సాక్ష్యంగా వాడం. జర్మనీలో మైడెన్‌బావర్ అనే ఆయన 1858లో ఒక పెద్ద చర్చిని కొలుస్తూ పైనుంచి పడబోయి బతికిపోయాడు. ప్రాణాలకు తెగించి గోడలెక్కే బదులు ఫొటో మీదే కొలవచ్చు కదా అని అప్పుడే తట్టింది. 1885లో బెర్లిన్‌లో ఆ పనికోసమే ప్రభుత్వ సంస్థ వెలిసింది. మన గంటస్తంభం కట్టిందీ అదే ఏడాది! రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాలను బాగుచేసేటప్పుడు ఆ సంస్థ తీసిన ఫొటోలు అక్కరకొచ్చాయి. గోడకు నేరుగా ఎదురుగా తీసిన ఫొటోలో ఒక్క గుమ్మం వెడల్పు తెలిసినా చాలు, ఆ గోడలో మిగతా కొలతలు చాలావరకు లెక్కకట్టొచ్చు. ఏ కిటికీ తర్వాత పూడ్చారో, ఏ అంతస్తు కొత్తగా లేపారో కూడా ఫొటోలే చెబుతాయి.

శిథిలమైన గోడ మీద పడితే బాధ్యత ఎవరిది, ట్రాఫిక్ మాటేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నలే. అయితే ఆ శిథిలం ఎక్కడుందో, ఎంతుందో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి జనానికి చూపించాకే పార ఎత్తాలి. 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్లు దాటిన కట్టడానికి రక్షణ ఇవ్వగలదు, కానీ జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటిస్తేనే. ప్రకటించకపోతే ఆ చట్టానికి నూటయాభై ఏళ్ల గోడా, నిన్న కట్టిన గోడా ఒకటే.

ఇంతకీ మనం చరిత్ర అంటే రాజుగారి ఇల్లే అనుకుంటున్నాం. కెమెరా కూడా మొదట్నుంచీ కోట చుట్టూనే తిరిగింది. మండువా ఇళ్లను ఎవరు తీశారు? నడిమింట్లో వాన పడే చోటు, గానుగ సున్నపు గోడలు, వీధి అరుగు... రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ అరుగే. దానికి నష్టపరిహారం లెక్క గజాల్లో ఉంటుంది. సాయంత్రం దాని మీద కూర్చున్న నలుగురు ఆ లెక్కలోకి రారు.

ఆ ఇళ్ల ఫొటోలు మ్యూజియంలో దొరకవు. మన బీరువాల్లోనే ఉన్నాయి. పెళ్లి ఆల్బమ్ తీయండి. మనుషుల్ని వదిలేసి వెనక గోడ చూడండి. తలుపు చెక్కడం, గూట్లో దీపం, దూలం, అన్నీ అందులో పడే ఉంటాయి. ఫొటో వెనక వీధి పేరు, ఏడాది పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో ఆ సంగతులు చెప్పగలిగే పెద్దవాళ్లు ఉండగానే రాయండి.