'ఖాళీయే కదా' గారికి ఒక బహిరంగ లేఖ

'ఖాళీయే కదా' గారికి,

తమరు క్షేమంగానే ఉన్నారని తెలుసు. మొన్న మా ఇంటి ముందు టిప్పర్ వచ్చి గరుసు కుమ్మరిస్తుంటే, ఇంత మంచి ఎర్రగరుసు ఎక్కడిదయ్యా అని డ్రైవర్‌ని అడిగాను. "గుట్ట కిందిది సార్, అక్కడేముంది, ఖాళీయే కదా" అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడంటే, నేను కూడా తలూపేశాను.

తమరి పలుకుబడి చిన్నదేం కాదు. రెవెన్యూ రికార్డుల్లో తమరికి బంజరు, గయాళు, పోరంబోకు అని మారుపేర్లున్నాయి, ఆఖరికి పనీపాటా లేని మనిషిని తిట్టాలన్నా మేం వాడేది తమరి ఇంటిపేరే. ఢిల్లీ దాకా కూడా వెళ్లొచ్చారు. దేశంలోని వృథా భూములన్నిటికీ కలిపి కేంద్రం అచ్చేసే అట్లాసులో తుప్పలున్న నేలకు ప్రత్యేకంగా గడులే ఉన్నాయి, వాటికి ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కట్టేది మన హైదరాబాద్‌లోని సంస్థే. అంత పైనుంచి చూస్తే తుప్ప కింద ఎవరున్నారో ఏం కనిపిస్తుంది లెండి.

మాది కడప జిల్లా కాబట్టి ఒక్క పిట్ట సంగతి చెప్తాను, వినండి. కలివికోడి. తీతువు కన్నా చిన్నది, పగలు కనబడదు, రాత్రిపూట పురుగులు ఏరుకుంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే ఇక లేదనే అనుకున్నారు, అంటే దాన్ని కూడా తమరి ఖాతాలోనే రాసేశారు. 1986లో మా జిల్లాలోనే రెడ్డిపల్లె దగ్గర ఊరాయన ఒకరు రాత్రి టార్చిలైటుతో పట్టుకుంటే, ఎనభై ఏళ్లకు పైగా లేని పిట్ట ఉన్నట్టు తేలింది. పాపం, పట్టుకున్న పిట్ట మాత్రం బతకలేదు. దాని కోసమే రెండేళ్లకు లంకమల అభయారణ్యం వచ్చింది.

అసలు తమాషా ఇక్కడుంది. ఆ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు, చెట్లు లేని మైదానమూ పనికిరాదు. తుమ్మ, రేగు, కలివి పొదలు అక్కడక్కడా ఉండి, మధ్యలో పరుగెత్తడానికి నేల బోసిగా ఉండాలి. అంటే మనం ఏ చోటుకు ఏమీ లేదని పేరు పెట్టామో, ఆ ఏమీ లేకపోవడమే దాని ఇల్లు! నా ఇంటి హాల్లో సామాన్లు లేవని ఎవరైనా వచ్చి గడ్డపారతో తవ్వుకుపోతే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

2005లో తెలుగుగంగ కాలువ పని కోసం ఆ తుప్పల్లోకి యంత్రాలు దిగితే, పరిశోధకులు పట్టుబట్టి ఆపించారు, కాలువే దారి మార్చుకుంది. వాళ్లు పిట్ట జాడ కనిపెట్టే పద్ధతి నాకు భలే నచ్చింది. పొదల మధ్య మెత్తటి మట్టిని సన్నగా పరిచి వదిలేస్తారు, తెల్లారి వచ్చి చూస్తే దాని మీద మూడువేళ్ల పాదం గుర్తు పడి ఉంటే వచ్చి వెళ్లినట్టు. మన గుట్ట దగ్గర అంత శ్రమ అవసరం లేదు, టిప్పర్ టైరు గుర్తులు మోకాటి లోతున పడి ఉన్నాయి. (పర్మిట్ ఎన్ని ట్రిప్పులకు, తోలింది ఎన్ని అనేది ఇంకో లేఖకు సరిపడా ఉంది, దాన్నిప్పుడు కదపను.)

అభయారణ్యం హద్దు నుంచి కిలోమీటరు లోపల తవ్వకాలు కూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ ఆ గీత ఎక్కడుందో నక్కకు తెలియదు, ఉడుముకు తెలియదు, నక్షత్ర తాబేలుకు అసలే తెలియదు. మా గుట్ట ఆ గీతకు చాలా అవతల ఉంది, కాబట్టి అక్కడ రాజ్యం పూర్తిగా తమరిదే.

నేనేదో పెద్ద ఉత్తముణ్నని అనుకోకండి. మా బేస్‌మెంట్ ఎత్తు చేయడానికి ఆరు ట్రిప్పులు తోలించిన పెద్దమనిషిని నేనే, బేరమాడి మరీ. ఆ కుప్పలో ఒకచోట వేళ్లతో సహా ఒక కలివి మొక్క కనిపించింది. ఆకులు వాడిపోయాయి గానీ కొమ్మకు నాలుగు పండ్లు ఉన్నాయి, నల్లగా నిగనిగలాడుతూ. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అదే గుట్టకు వెళ్లి ఏరుకు తిన్నవే. ఒకటి నోట్లో వేసుకున్నాను, దుమ్ము కరకరలాడింది, ఉమ్మేశాను.

ఇట్లు,
ఆరు ట్రిప్పుల ఆసామి

తా.క.: పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. వెనక మూల ఇంకా లోతుగానే ఉందట, రెండు ట్రిప్పులు తక్కువ పడ్డాయట. ఎక్కణ్నుంచి తెప్పిస్తావని అడిగాను. తమరి పేరే చెప్పాడు.