బడిలో నాట్యం: పాటకు ముందు వయసు చూడాలి

చాలా బడుల్లో నాట్యం వార్షికోత్సవానికి రెండు నెలల ముందు మొదలై, ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ముందు పాట ఎంపికవుతుంది, తర్వాత దుస్తుల అద్దె మాట్లాడతారు, ఆ తర్వాతే పిల్లల సంగతి. యూకేజీ పాపా తొమ్మిదో తరగతి అమ్మాయీ ఒకే తరహా సినిమా పాటకు ఒకే తరహాలో నడుము తిప్పుతారు. ఐదేళ్ళ పిల్ల తనకు అర్థం కాని ప్రేమను అభినయిస్తుంటే ముచ్చటపడే పెద్దలను చూస్తే నాకు కోపమే వస్తుంది.

కాగితం మీద మనకు లోటేమీ లేదు. సీబీఎస్‌ఈ 2019లోనే వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకు కేటాయించమంది. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కళలను చదువులో భాగంగానే చూసింది. బడి వయసును 3–8, 8–11, 11–14, 14–18 ఏళ్ళుగా విభజించింది. నాట్య పాఠానికి ఈ విభజన చక్కగా నప్పుతుంది. ఎందుకంటే ఏ వయసు శరీరం ఏం చేయగలదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

చిన్నపిల్లలకు అడవులూ (శాస్త్రీయ నృత్యంలోని మూల అడుగులు), ముద్రలూ అక్కర్లేదు. నడక, పరుగు, ఆగడం, తిరగడం, చప్పట్లు చాలు. చెమ్మచెక్క ఆట చూడండి. 'చెమ్మ, చెక్క, చార, డేసి, మొగ్గ' అంటూ మూడేసి మాత్రలుగా, అంటే మూడేసి తాళపు లెక్కలుగా నడుస్తుంది. అది తిశ్రం. 'ఒప్పుల, కుప్పా' అన్నప్పుడు నాలుగేసి మాత్రలు పడతాయి. అది చతురశ్రం. మూడు లెక్కల తకిటకూ నాలుగు లెక్కల తకధిమికీ ఉన్న తేడాను మన ఆటలు ఎప్పటినుంచో నేర్పుతూనే ఉన్నాయి. ఒప్పులకుప్పలో మరో లాభం కూడా ఉంది. ఎదుటివాళ్ళ బరువును లాగుతూ తన బరువును నిలుపుకోవడం పిల్ల ఒంటికి తెలిసివస్తుంది. ఒక్కో ఆటకు ఐదారు నిమిషాలు దాటితే ఈ వయసువాళ్ళ మనసు నిలవదు, కాబట్టి పాఠాన్ని చిన్న ముక్కలుగా కోసుకోవాలి.

మూడు నుంచి ఐదో తరగతి వరకు కోలాటాన్ని మించిన పాఠం లేదనిపిస్తుంది. కర్ర తప్పుగా పడితే గురువు చెప్పక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. లోపలి వరుస, బయటి వరుస, జతలు మారడం, కోపు (ఆట వరుస) మారడం అన్నీ కలిసి లెక్కనూ దిక్కునూ ఒకేసారి నేర్పుతాయి. వెనక వరుసలో దాక్కునే పిల్లవాడికి ఇందులో చోటు లేదు, ఎందుకంటే వలయానికి వెనక వరుస ఉండదు. శాస్త్రీయ నృత్యం మొదలుపెట్టడానికీ ఇదే అనువైన వయసు, అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) జాగ్రత్తగా నేర్పితే. తొడలు తుంటి దగ్గర నుంచి బయటికి తిరగాలి, మోకాలు కాలివేళ్ళ వైపే వంగాలి. ఇంకా కిందికి కూర్చోమని తొందరపెడితే పిల్ల పాదాలను మాత్రమే తిప్పుతుంది, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

మన ప్రణాళికలు ఎక్కువగా చెడేది పదకొండు, పద్నాలుగేళ్ళ మధ్య. ఈ వయసులో ఎముకలు వేగంగా పెరుగుతాయి, కండరాలు ఆ వేగాన్ని వెంటనే అందుకోలేవు. నిరుడు సునాయాసంగా చేసిన అడవు ఈ ఏడాది తడబడుతుంది. బద్ధకమని తిట్టడం అన్యాయం. మోకాలి చిప్ప కింద నొప్పి వస్తోందని చెబితే సాకు అనుకోకూడదు, గెంతులున్న పిల్లల్లో అది బాగా కనిపించే ఇబ్బంది. సిమెంటు నేల మీద మూడో కాలంలో (అన్నిటికన్నా వేగంగా) పాదాల తట్లు తగ్గించి, ఆ సమయాన్ని నోటితో జతులు (తకిట, తకధిమి వంటి తాళపు పలుకుల వరుసలు) చెప్పడానికీ చేత్తో తాళం వేయడానికీ ఇవ్వాలి. నలభై మంది ఉన్న తరగతిలో సగం మంది ఆడుతుంటే సగం మంది ఆ పలుకులను (సొల్లుకట్టును) పలికితే ఇరుకు గదిలోనూ పాఠం సాగుతుంది.

మగపిల్లలు నాట్యం వదిలేసేదీ ఈ వయసులోనే. ఇది ఆడపిల్లల విద్య అని వాళ్ళకు ఎవరు చెప్పారో గానీ, కూచిపూడి భాగవత మేళాల్లో తరతరాలుగా వేషం కట్టింది మగవాళ్ళే. సత్యభామ పాత్రకు పేరుమోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గురించి ఏడో తరగతిలో పది నిమిషాలు చెప్పడానికి ప్రత్యేక అనుమతులేమీ అక్కర్లేదు. అబ్బాయిలకు డప్పు, తప్పెటగుళ్ళు, కాకతీయుల కాలపు వీరనృత్యం పేరిణి వంటివాటితో దారి తెరవవచ్చు. అయితే వాటిని అబ్బాయిల వాటాగా రాసిచ్చేస్తే మళ్ళీ అదే తప్పు.

తొమ్మిదో తరగతి నుంచి పిల్లలకు స్టెప్పులు ఇవ్వడం తగ్గించి పని ఇవ్వాలి. 1213 నాటి రామప్ప గుడి శిల్పాల ఫొటో ఒకటి చూపించి, ఈ భంగిమకు ముందు కదలిక ఏమై ఉంటుంది, తర్వాత ఏమై ఉంటుంది అని అడగండి. నలుగురేసి జట్లుగా కూడి పదహారు తాళపు లెక్కల కదలికల వరుస కూర్చమనండి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణిని తిరిగి నిలబెట్టే ప్రయత్నంలో ఆ శిల్పాలనూ, కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళినీ ఆధారం చేసుకున్నారు. అంత పెద్ద పనిలోని ఒక చిన్న తునక పిల్లల చేతికి అందుతుంది. అప్పుడే చరిత్ర పాఠం కూడా ఒంట్లోకి దిగుతుంది. ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు ఈ పీరియడ్‌ను ముందుగా మింగేస్తాయని తెలుసు. అందుకే వారానికొకటైనా టైంటేబుల్‌లో పేరు పెట్టి రాయాలి, 'ఖాళీ ఉంటే' అని కాదు.

మార్కుల విషయం క్లుప్తంగా: అందానికీ చురుకుదనానికీ వేయకూడదు. తాళం నిలిపాడా, పక్కవాళ్ళతో కలిశాడా, తనదైన ఒక కదలిక కూర్చాడా అన్నవి చూస్తే సరిపోతుంది.

ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులనూ చూసే పల్లె బడుల్లో ఈ వయసు లెక్కలు కుదరవని అభ్యంతరం రావచ్చు. నిజానికి అక్కడే సులువు. ఒకే తిశ్రం పాట తీసుకుంటే ఒకటి, రెండు తరగతులవాళ్ళు మధ్యలో కూర్చుని చప్పట్లతో నడక పట్టుకుంటారు. మూడు, నాలుగువాళ్ళు చుట్టూ తేలిక కోపు ఆడతారు. ఐదోవాళ్ళు కొత్త కోపు ఆలోచించి చిన్నవాళ్ళకు నేర్పుతారు. ఉపాధ్యాయుడికి నాట్యం రాకపోయినా ఫరవాలేదు. కోలాట బృందం ఉన్న ఊరైతే, వారానికో గంట వాళ్ళ గురువును పిలిచి, బస్సు ఖర్చుతో సరిపెట్టకుండా, గౌరవ వేతనం ఇస్తే పని నడుస్తుంది.