ఈడీటీఏ బొగ్గు మూట: లోహం మాయమయ్యేది నీళ్లలో కాదు, కిట్‌లో

గోదావరి డెల్టాలో రొయ్యల రైతుల ఫోన్లలో ఒక చిట్కా చక్కర్లు కొడుతోంది. కిలో కొబ్బరి చిప్పల బొగ్గును 100 గ్రాముల ఈడీటీఏ (లోహాలను పట్టుకునే ఒక రసాయనం) కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, బోరు నీళ్ల ట్యాంకులో వేలాడదీయాలట. ఇనుము, సీసం, ఆర్సెనిక్, హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం) అన్నీ బొగ్గు రంధ్రాల్లో ఇరుక్కుపోతాయట. రుజువుగా ఒక బకెట్ నీళ్లలో మూట ముంచి, హార్డ్‌నెస్ కిట్‌లో సున్నా చూపిస్తున్నారు. మూటను ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చని కొసమెరుపు.

ముందు రంధ్రాల సంగతి. ఈడీటీఏ లోహాన్ని గట్టిగా పట్టుకునే మాట నిజమే. కానీ దాన్ని బొగ్గు పట్టుకోవాలి కదా! నానబెట్టినంత మాత్రాన అది బొగ్గుకు అతుక్కోదు. పచ్చడి జాడీని కడిగితే ఉప్పు పోయినట్టు, మామూలు నీళ్లలో చాలావరకు బయటికొచ్చేస్తుంది. ఇంట్లోనే చూడొచ్చు. మూటలోంచి గుప్పెడు బొగ్గును ఒక గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో రాత్రంతా ఉంచి తీసేయండి. పొద్దున్నే 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లలో హార్డ్‌నెస్ కిట్‌లోని బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), రంగు మందు వేస్తే ఎర్రబడతాయి. అందులో గ్లాసు నీళ్లు చుక్క చుక్కగా వేయండి. నీలంగా మారితే మూటలోని ఈడీటీఏ గ్లాసులోకి దిగినట్టే.

కిట్ సున్నా రహస్యం కూడా ఇదే. ఆ కిట్ సీసాలో ఉండే ద్రావణమే ఈడీటీఏ. రంగు మారడానికి అది ఎంత పట్టిందో లెక్కపెట్టి హార్డ్‌నెస్ చెబుతారు. నీళ్లలో ముందే ఈడీటీఏ కలిసి ఉంటే మొదటి చుక్కకు ముందే నీలం వచ్చేస్తుంది. కాల్షియం మాత్రం ఒక్క రవ్వ కూడా బయటికి పోదు, ఈడీటీఏ చేతిలో కరిగే ఉంటుంది. వరికి చల్లే చీలేటెడ్ జింకు పనిచేసేది కూడా ఇలాగే: జింకు గడ్డకట్టకుండా కరిగి ఉండాలనే దాన్ని ఈడీటీఏతో కడతారు. కరిగించి ఉంచే మందుతో వడకడతామంటే ఎలా?

పోనీ, మొత్తం మూటలోనే నిలిచిందనుకుందాం. ఒక ఈడీటీఏ అణువు ఒక్క లోహ అయాన్నే పట్టుకుంటుంది. 372 గ్రాముల డైసోడియం ఈడీటీఏ, కాల్షియం కార్బొనేట్ లెక్కన 100 గ్రాముల హార్డ్‌నెస్‌కు సరిపోతుంది. అంటే మూటలోని 100 గ్రాముల ఈడీటీఏ పట్టగలిగేది 27 గ్రాములు. 400 పీపీఎం (లీటరుకు 400 మిల్లీగ్రాములు) హార్డ్‌నెస్ ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకులో ఉండేది 400 గ్రాములు. బకెట్‌తో వీడియో తీసింది ఇందుకే కాబోలు.

ఆర్సెనిక్‌ది వేరే కథ. నీళ్లలో అది ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది, ఈడీటీఏకు దొరకదు.

నిజంగా లోహాన్ని పట్టే పదార్థాలు లేవా అంటే ఉన్నాయి. ఈడీటీఏలాగే లోహాన్ని పట్టే ఇమినోడయాసిటేట్ అణు గుంపులను రంధ్రాలున్న పాలిస్టైరిన్ పూసలకు రసాయన బంధంతో కట్టేసిన రెజిన్లు అలాంటివే. కాల్షియం కంటే రాగి, సీసం, నికెల్‌ను ముందు పట్టుకుంటాయి. కానీ నిండాక ఎండబెడితే నీళ్లు ఆరతాయి తప్ప లోహం కదలదు. 5 నుంచి 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, తర్వాత కాస్టిక్ సోడాతో మళ్లీ సోడియం రూపానికి తేవాలి. కడిగిన ఆమ్లంలో లోహమంతా చిక్కగా దిగుతుంది, దాన్ని కాలవలో పోస్తే మొదటికే మోసం.

హేచరీ ట్యాంకుల్లో 5–10 పీపీఎం ఈడీటీఏ వేయడం తప్పు కాదు. లోహాన్ని తీసేయడానికి కాదది, విడి రాగి, జింకు లార్వాకు తగలకుండా కట్టిపడేయడానికి.

బోరు నీళ్లలో ఇనుముకైతే గాలి చాలు. నీళ్లను చిల్లుల పళ్లెం మీదుగా మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి జల్లుగా పడనిచ్చి, రాత్రంతా తేరనిచ్చి, రెండడుగుల ఇసుక పొర గుండా వదలాలి. పీహెచ్ 7 కంటే తక్కువుంటే తుప్పు త్వరగా కట్టదు, ముందు కాస్త సున్నం వేయాలి. ధార సన్నబడితే ఇసుక కడగాలి. ఆ ఇసుకకు ముందు మాత్రం ఈడీటీఏ మూట వేలాడదీయకండి. పట్టుబడ్డ ఇనుము తుప్పుగా దిగదు, నేరుగా చెరువులోకి వెళ్తుంది.